మా పార్కింగ్‌లో నీరింకే పేవర్లు: రెండు వానాకాలాలు చూశాక

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం గంటంబావు సేపు కుండపోతగా కురిసింది. మేడ మీద పెట్టుకున్న రెయిన్ గేజ్‌లో 55 మిల్లీమీటర్లు. రాత్రి ఎనిమిదింటికి పార్కింగ్‌లోకి దిగి, తొమ్మిదో స్లాట్ మూలన, నీటి మట్టం చూసుకోవడానికి కంకర పొర అడుగు దాకా దించిన పైపు మూత తీసి కొలత కర్ర దించాను. అడుగు నుంచి 240 మిల్లీమీటర్ల దాకా తడిసి వచ్చింది. పొద్దున ఆరింటికి మళ్లీ దించితే 15. ఆ వానలో పైన చెప్పు అంచు మునిగేంత నీరు కూడా నిలవలేదు. కార్ల కింద, బ్లాకుల కింద, కంకర పొరలో దాదాపు 48 వేల లీటర్ల నీళ్లు చేరి, రాత్రంతా మెల్లగా భూమిలోకి దిగాయి.

పేవర్లంటే నేల మీద పరిచే సిమెంటు బ్లాకులు. సందుల్లోంచి నీళ్లు దిగే ఈ రకం వేయించి రెండు వానాకాలాలయింది. వేయించాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం చూసింది చూసినట్టు రాస్తున్నాను. నేను ఇరవై ఆరేళ్లు రోడ్లకు, వాన నీటి కాలువలకు డ్రాయింగులు గీసిన డ్రాఫ్ట్స్‌మన్‌ని. పడిన నీటిని ఎంత త్వరగా పైపులోకి పంపించేయాలా అన్నదే ఉద్యోగమంతా. పడిన చోటే ఆపే పని నా చేతికి రావడం ఇదే మొదలు. అందుకే కాస్త వివరంగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా అపార్ట్‌మెంట్ ఆవరణ సుమారు వెయ్యి చదరపు మీటర్లు. సగం కార్లు నిలిపే చోటు, సగం అవి తిరిగే దారి. ఇదివరకు మొత్తం కాంక్రీటే, వాలంతా గేటు వైపే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. గంటకు 60 మిల్లీమీటర్లు కురిస్తే మా ఆవరణలోనే 60 వేల లీటర్లు. అందులో పదో వంతు పోను మిగతాదంతా కాంక్రీటు మీద నుంచి జారిపోతుంది. అంటే సెకనుకు 15 లీటర్లు. వాన కురిసినంతసేపూ ఎవరో మా గేటు దగ్గర నిలబడి సెకనుకో బకెట్ చొప్పున రోడ్డు మీదికి కుమ్మరిస్తున్నట్టు లెక్క. వీధిలో ఇలాంటి భవనాలు పదకొండున్నాయి. వీధి చివర లోతట్టు ఇళ్లవాళ్లు మబ్బు పట్టగానే గుమ్మాలకు ఇసుక బస్తాలు అడ్డం పెట్టుకునేవాళ్లు. వాళ్ల గుమ్మాల్లోకి వచ్చే నీళ్లలో మావీ ఉన్నాయని నాకు తెలుసు. తెలిసి ఊరుకోవడం చాలా కష్టంగా ఉండేది.

ఈ లెక్క పాతదే. వాన జోరును నేల వైశాల్యంతో, ఆపైన నేల తీరును చెప్పే గుణకంతో గుణించడమే. ఎమిల్ కుయిచ్‌లింగ్ అనే ఇంజనీరు 1889లో అమెరికాలోని రోచెస్టర్ నగర కాలువల విషయంలో ఈ పద్ధతి గురించి రాశాడు. చిన్న కాలువలను ఇప్పటికీ ఇలాగే లెక్కకడతారు. కాంక్రీటుకు 0.9 వేసేవాళ్లం, పచ్చిక నేలకు 0.2. ఊరు పెరుగుతున్న కొద్దీ డ్రాయింగు మీద 0.2 ఉన్న చోటల్లా 0.9 అవుతూ వస్తుంది. రోడ్డు కింద పైపు మాత్రం ఎప్పుడో వేసిన సైజులోనే ఉండిపోతుంది.

బ్లాకుల సంగతికి వచ్చే ముందు ఒకటి చెప్పాలి. అసలు ఎన్ని కార్లకు చోటు కావాలో ముందు లెక్కపెట్టుకోండి. మాకు 43 స్లాట్లుండేవి. రెండు వారాలు వరసగా రాత్రి పదకొండింటికి కిందికి దిగి కార్లు లెక్కపెట్టాను. ఎక్కువలో ఎక్కువ 34. అసోసియేషన్ మీటింగ్‌లో ఆ కాగితం చూపించాక, పల్లంలో ఉన్న మూడు స్లాట్లను తీసేయడానికి అందరూ ఒప్పుకున్నారు. ఇప్పుడక్కడ అడుగు లోతు గుంటలో మొక్కలున్నాయి, వాన తోట. పేవర్లు ఆపలేనంత వాన పడితే పొర్లిన నీళ్లు అందులోకి చేరతాయి.

ఒక్క స్లాటే కదా అనుకోవద్దు. దారిలో దాని వంతు కూడా కలిపితే కారుకు సుమారు 25 చదరపు మీటర్లు పోతాయి. ఇందాక చెప్పిన వానకు ఆ ఒక్క కారు చోటు మీద గంటలో పడేది 1,500 లీటర్లు. చాలా ఊళ్లలో ఇన్ని ఫ్లాట్లకు ఇన్ని స్లాట్లు, ఇంత దుకాణానికి ఇన్ని స్లాట్లు తప్పనిసరి అని నిబంధన ఉంటుంది. వాడినా వాడకపోయినా అంత నేలా కప్పాల్సిందే. అమెరికాలోని బఫలో నగరం, మెక్సికో సిటీ 2017లో ఈ కనీస పార్కింగ్ నిబంధనను ఎత్తేశాయి. నేను పనిచేసిన చోట పార్కింగ్ లెక్క రాసే బల్ల ఒకటి, వాన నీటి కాలువ గీసే బల్ల ఇంకొకటి. ఒక బల్ల మీది కాగితం ఇంకో బల్ల మీదికి రావడం నేనెప్పుడూ చూడలేదు. రెండూ ఒకే నేల గురించే అని ఇప్పుడు నా ఇంటి ముందు చూసుకుంటుంటే బాధేస్తుంది.

ఇక వస్తువు. నీరింకే పార్కింగ్‌కు దారులు నాలుగైదున్నాయి. గడ్డి పెరిగే గళ్ల బ్లాకులు చూడ్డానికి బాగుంటాయి గానీ, రోజంతా కారు నీడలో ఉంటే గడ్డి బతకదు. అప్పుడప్పుడు వచ్చే బంధువుల కార్లకైతే సరే. ఇసుక లేకుండా పోసే బెజ్జాల కాంక్రీటు ఉంది. అందులో నూటికి 15 నుంచి 25 పాళ్లు ఖాళీ ఉంటుంది. దాన్ని పోయడం బాగా తెలిసిన మనుషులు కావాలి, పోయగానే పాలిథిన్ కప్పి వారం రోజులు కదిలించకూడదు. నీళ్లు కాస్త ఎక్కువైనా, తక్కువైనా పని చెడుతుంది. నీరింకే తారు కూడా ఉంది. అమెరికాలో మసాచుసెట్స్‌లోని వాల్డెన్ పాండ్ దగ్గర 1977లో అలాంటి పార్కింగ్ వేశారు, దశాబ్దాల పాటు పనిచేసింది. ఎన్నాళ్లు నిలుస్తుందని మీటింగ్‌లో అడిగినవాళ్లకు నేను చెప్పింది అదే. మాకు పేవర్లే నప్పాయి, ఎందుకంటే ఒక చోట చెడితే ఆ నాలుగు బ్లాకులూ ఊడదీసి మళ్లీ పెట్టుకోవచ్చు. ఆ మాట తర్వాత నిజమైంది, చెప్తాను.

బ్లాకు మామూలు సిమెంటు బ్లాకే, 80 మిల్లీమీటర్ల మందం. నీళ్లు బ్లాకులోంచి దిగవు, సందుల్లోంచి దిగుతాయి. పక్కలకు చిన్న బొడిపెలుంటాయి కాబట్టి ఎంత దగ్గరగా పేర్చినా 8 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. ఆ సందులో సన్న రాతి చిప్స్ నింపాలి. అయితే మీరు కొనే అసలు సరుకు కనిపించదు, అది కింద ఉంటుంది. బ్లాకుల కింద 50 మిల్లీమీటర్లు సన్న చిప్స్, దాని కింద 100 మిల్లీమీటర్లు ఇరవై ఎంఎం మెటల్ (కంకర), దాని కింద 300 మిల్లీమీటర్లు పెద్ద మెటల్. ఎక్కడా ఇసుక లేదు, దుమ్ము లేదు. ఒకే సైజు కంకరలో నూటికి 40 పాళ్లు ఖాళీయే కాబట్టి, కింది రెండు పొరల్లోనే 500 చదరపు మీటర్ల మీద 80 వేల లీటర్లు పడతాయి. కార్లు తిరిగే దారిని కాంక్రీటుగానే ఉంచి, వాలు మాత్రం స్లాట్ల వైపు తిప్పించాం. దారి మీద పడ్డ నీళ్లు కూడా వచ్చి సందుల్లోనే దిగుతాయి.

తవ్వినప్పుడు అడుగున చిన్న గుంట తీసి నీళ్లు పోసి పరీక్ష చేయించాం. గంటకు 18 మిల్లీమీటర్లు ఇంకింది. భద్రత కోసం సగమే లెక్కలోకి తీసుకోవాలని పట్టుబట్టాను, అంటే తొమ్మిది. పైన చెప్పిన రాత్రి పది గంటల్లో కర్ర మీద నీరు 225 మిల్లీమీటర్లు తగ్గింది కదా. కంకరలో ఖాళీ నూటికి నలభయ్యే కాబట్టి నేలలోకి దిగింది గంటకు సరిగ్గా తొమ్మిది మిల్లీమీటర్లు. పొద్దున్నే ఆ లెక్క వేసుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను. కాగితం మీద గీసింది నేలలో అలాగే జరగడం, ఉద్యోగం చేసినన్నాళ్లూ నాకెవరూ చూపించలేదు.

ఇప్పుడు తప్పు జరిగిన చోటు. ఉత్తరం వైపు మొదటి ఎనిమిది స్లాట్లు వేసిన రోజు నేను ఊళ్లో లేను. వచ్చేసరికి సందులన్నీ నున్నగా, బూడిద రంగులో నిండిపోయి ఉన్నాయి. సందుల్లో క్రషర్ డస్ట్, అంటే మెత్తటి రాతి పొడి, కొట్టారు. పైగా బ్లాకుల కింద చిప్స్ బదులు ఇసుక పరిచారు. మేస్త్రీని అడిగితే, "సందుల్లో డస్ట్ కొట్టకపోతే బ్లాకులు కదుల్తాయి సార్, ఎక్కడైనా ఇంతే" అన్నాడు. అతని తప్పు లేదు. మామూలు పేవర్లకు అదే పద్ధతి, అతను ఇన్నేళ్లూ నేర్చుకున్నది అదే. వేరే పద్ధతి అని చెప్పాల్సింది సరుకు అమ్మి, పని ఒప్పుకున్న కంపెనీ. వాళ్ల సూపర్‌వైజర్ ఆ రోజు సైటుకే రాలేదు.

మేస్త్రీ ముందే ఒక బకెట్ నీళ్లు ఆ స్లాట్ మీద, ఇంకో బకెట్ సరిగ్గా వేసిన స్లాట్ మీద పోశాను. సరిగ్గా వేసిన చోట పోసిన నీళ్లు పోసినట్టే మాయమయ్యాయి. డస్ట్ కొట్టిన చోట పోసినవి పారుతూ పోయి గేటు దగ్గరికి చేరాయి. అతను ఇంకేమీ మాట్లాడకుండా గునపం తెప్పించాడు. కంపెనీ మాత్రం వారం రోజులు కాదూ కూడదంది. డ్రాయింగులో "ఇసుక వాడరాదు" అని మేం రాయించిన వాక్యం చూపించాక ఎనిమిది స్లాట్లూ ఊడదీసి మళ్లీ వేశారు. మీరు పని ఒప్పందం రాసుకునేటప్పుడు ఆ ఒక్క వాక్యం తప్పకుండా రాయించండి.

నీరు ఎంత వేగంగా దిగుతోందో కొలవడానికి మంచి పద్ధతి ఉంది. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ రాసిన ఆ పద్ధతిని సీ1781 అంటారు, ఎవరైనా చేసుకోవచ్చు. 300 మిల్లీమీటర్ల వెడల్పున్న గుండ్రటి రింగును పుట్టీతో బ్లాకుల మీద అంటించి, ముందు 3.6 లీటర్ల నీళ్లు పోయాలి. రింగులో నీళ్లు వేలి మందం మించకుండా, ఎండిపోకుండా పోస్తూ ఉండాలి. 30 సెకన్ల లోపే దిగిపోతే రెండోసారి 18 లీటర్లు, లేకపోతే మళ్లీ 3.6 లీటర్లే పోసి టైము చూడాలి. కొత్తలో మాకు 18 లీటర్లు 70 సెకన్లలో దిగాయి. అంటే గంటకు 13 వేల మిల్లీమీటర్ల వానైనా తాగుతుందన్నమాట. అంత వాన భూమ్మీద ఎక్కడా పడదు. ఆ ఎక్కువంతా రాబోయే ఏళ్ల దుమ్ముకు వదిలిపెట్టుకున్న జాగా అనుకోండి. ఇప్పుడు అదే చోట 3.6 లీటర్లకు 40 సెకన్లు పడుతోంది. చెట్టు కిందున్న 22, 23 స్లాట్లలో నాలుగు నిమిషాలు పట్టింది. ఆకులు, పూత రాలి సందుల్లో కుళ్లడమే కారణం. వ్యాక్యూమ్ పెట్టించి పీల్పించాక ఒకటిన్నర నిమిషానికి వచ్చింది. నేను పెట్టుకున్న హద్దు పన్నెండు నిమిషాలు. అది దాటిందంటే గంటకు 250 మిల్లీమీటర్ల కంటే తక్కువకు పడిపోయినట్టు, ఇక ఆలస్యం చేయకూడదు.

ఏడాదికి రెండుసార్లు వ్యాక్యూమ్, వాన ముందు ఒకసారి, ఆకు రాలాక ఒకసారి. మామూలు చీపురు రోజూ. గట్టి ప్రెషర్‌తో నీళ్లు సూటిగా కిందికి కొట్టొద్దు, దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది. పోయిన చిప్స్ మళ్లీ నింపుకోవాలి. ఇంతకు మించి చాకిరీ లేదు.

కారు బరువుకు ఏమీ కాలేదు. స్లాట్లు ఎక్కడా కుంగలేదు. నిలబడిన చోటే స్టీరింగ్ తిప్పితే బ్లాకులు మెలితిరుగుతాయేమోనని భయపడ్డాను. వాటిని వరసగా కాకుండా చేపముల్లు అల్లికలో పేర్పించి, అంచుల్లో కాంక్రీటు కట్ట గట్టిగా పోయించాం. రెండు వానాకాలాల్లో పక్కకు జరిగింది ఒక్క చోటే, అది కూడా అంచు కట్ట పలచబడ్డ దగ్గర.

ఇబ్బందులు వేరే చోట వచ్చాయి. స్కూటర్ సైడ్ స్టాండు మొన సరిగ్గా సందులో దిగి బండి పక్కకు వాలిపోతోంది. టూవీలర్ల చోట చిన్న రేకు పలకలు పెట్టించాం. చేతికర్రతో నడిచే పెద్దావిడ ఒకరు మొదటి వారమే నాకు చెప్పారు, కర్ర కొన సందుల్లో ఇరుక్కుంటోందని. వీల్‌చెయిర్ ముందు చక్రాలకూ అంతే. డిజైన్ అప్పుడే ఇది నాకు తట్టి ఉండాల్సింది. లిఫ్టు దాకా ఒకటిన్నర మీటర్ల వెడల్పు నున్నటి కాంక్రీటు బాట తర్వాత పోయించాం. మీరు మొదటే పోయించుకోండి.

పేవర్లకు అసలు శత్రువు కారు కాదు, ఇంటి రిపేర్లు. రెండో అంతస్తులో ఎవరో బాత్రూమ్ పని పెట్టుకున్నారు. వాళ్ల మనుషులు 14, 15 స్లాట్ల మీద ఇసుక కుప్ప పోసి, అక్కడే సిమెంటు కలిపి, తట్టలు కడిగిన నీళ్లు అక్కడే పారబోశారు. ఒక్క రోజులో ఆ రెండు స్లాట్లు రాయిలా అయిపోయాయి. వ్యాక్యూమ్‌కు లొంగలేదు. ఇద్దరు మనుషులు మూడు రోజులు కూర్చుని సందుల్లో పాతిక మిల్లీమీటర్ల లోతు చిప్స్ గీకి తీసి కొత్తవి నింపారు. ఇప్పుడు 3.6 లీటర్లకు రెండు నిమిషాలు. నాకు తృప్తిగా లేదు గానీ పనిచేస్తోంది. ఆ తర్వాత, పని పెట్టుకునేవాళ్లు టార్పాలిన్ పరవకుండా కుప్ప పోయకూడదని అసోసియేషన్ తీర్మానం చేసింది. వాచ్‌మన్ దాన్ని కచ్చితంగా అమలు చేస్తున్నాడు.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. మీది నల్లరేగడి అయితే తొందరపడొద్దు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది, నీరు ఇంకదు. అడుగున బెజ్జాల పైపు వేసి నీటిని బయటికి తీసుకెళ్లే ఏర్పాటు కావాలి, దానికి ఇంజనీరు లెక్క కావాలి. కిందే సెల్లార్ ఉంటే, పునాదికి మరీ దగ్గరైతే వద్దు. మేం గోడకు మూడు మీటర్లు వదిలాం. భూగర్భ నీరు పైపైనే ఉన్న చోట, ఆయిల్ కారే మెకానిక్ షెడ్డులో వద్దు, ఆ ఆయిల్ నేరుగా నేలలోకి పోతుంది.

కంకర దిగే రోజు తప్పకుండా దగ్గరుండండి. కడిగిన మెటల్ అని రాసుకున్నా లారీలో దుమ్ముతో సహా వస్తుంది. గాజు సీసాలో గుప్పెడు మెటల్ వేసి నీళ్లు పోసి ఊపి పక్కన పెట్టండి. రాళ్లు కనిపించకుండా నీళ్లు చిక్కటి బురదలా అయితే ఆ లారీని వెనక్కి పంపించండి. మేం రెండు పంపించాం. డ్రైవర్ గొడవ పడ్డాడు, పడనీ. ఆ దుమ్మే మట్టి మీద పేరుకుంటే పైన బ్లాకులు ఎంత మంచివైనా లాభం లేదు.

అయిదుకు నాలుగు ఇస్తాను. వస్తువుకైతే అయిదూ ఇవ్వొచ్చు, తగ్గించిన ఒకటీ దాన్ని వేసిన కంపెనీ నిర్లక్ష్యానికి.

ఇది చేయలేని పని ఒకటుంది. మా నీళ్లు రోడ్డు మీదికి పోవడం ఆగింది గానీ రోడ్డు నీళ్లు మా గేటు దాకా రావడం ఆగలేదు. ఇది రోడ్డు డిజైన్ సంగతి. మధ్యలో ఎత్తు, రెండు పక్కలా వాలు, అంచున కర్బ్ అనే రాతి కట్ట, కర్బ్‌లో నీళ్లు దిగే నోళ్లు, అన్నీ డ్రాయింగులో ఉంటాయి. తర్వాత ఇంటింటికీ కారు ఎక్కే ర్యాంపు రోడ్డు అంచు మీదికి వచ్చేస్తుంది. అంచున పారాల్సిన నీరు ర్యాంపు దగ్గర ఆగి రోడ్డు మధ్యకు తిరుగుతుంది, నోటి దాకా చేరదు. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోతే నాలుగైదు సార్లకు రోడ్డు గేటు కంటే ఎత్తవుతుంది. కోపెన్‌హేగన్‌లో 2011 జూలై 2న రెండు మూడు గంటల్లో దాదాపు 150 మిల్లీమీటర్లు కురిసి ఊరు మునిగాక, 2012లో వేసుకున్న ప్రణాళికలో కొన్ని వీధులను పెద్ద వానకు కాలువలుగా వాడాలని నిర్ణయించారు. వీధి మధ్యను పల్లం చేసి, నీళ్లు ఇళ్ల వైపు పోకుండా పార్కుకో చెరువుకో పోయేట్టు. రోడ్డును ముందే కాలువగా కూడా గీయవచ్చన్న ఆలోచన నా ఉద్యోగకాలంలో నా బల్ల మీదికి వచ్చుంటే ఎంత బాగుండేదో.

మా వీధికి మళ్లీ తారు వేస్తారని తెలిసింది. పోయిన ఆదివారం లెవెల్ పైపు పట్టి గేటు దగ్గరి గ్రేటింగ్ (ఇనప జాలీ) ఎత్తు చూసి, స్తంభం మీద ఎర్ర పెయింట్‌తో గీత గీశాను. ఇప్పుడు రోడ్డు ఆ గీతకు 90 మిల్లీమీటర్ల కింద ఉంది. ముందు పాత పొర గీకి ఆ తర్వాతే కొత్తది వేయమని పదకొండు భవనాలవాళ్లం కలిసి ఉత్తరం రాస్తున్నాం. ఎనిమిది సంతకాలయ్యాయి.